నా పేరున పంతొమ్మిది వరుసలు

వెంకట సుబ్బయ్యగారు ఆ ఎక్సెల్ షీటు నాకు మెయిల్ చేసి, అది నాకు చేరేలోపే నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఆయన మా రక్త పరీక్షల ల్యాబుకి మేనేజరు. తెనాలిలో పెద్ద శాఖ, బాపట్లలో ఒకటి, రేపల్లెలో ఒకటి. మూడింట్లో సెలవులూ, డ్యూటీలూ, తగాదాలూ అన్నీ ఆయనే చూస్తారు.

"వచ్చిందా?"

"వస్తోందండి."

"మంగళవారం ఆడిట్ వాళ్లు దిగుతున్నారు. మన రిపోర్టుల మీద గుర్తింపు ముద్ర వెయ్యనివ్వాలా వద్దా అని చూస్తారు. మొట్టమొదట అడిగేది ఇదేనంట. కంప్యూటర్లో ఎవరికి ఏ పర్మిషన్ ఉంది, అది ఆ మనిషికి నిజంగా కావాలా అని. ప్రతి వరుసా ఆ శాఖ పెద్ద చూసి, ఉంచాలో తీసెయ్యాలో రాసి, సంతకం పెట్టాలి. శనివారానికల్లా నా చేతిలో ఉండాలి."

"అలాగేనండి."

"ఇది మచ్చ లేకుండా చేశావనుకో, నిన్ను పర్మనెంట్ చెయ్యమని నేనే పైకి రాస్తా. రెండున్నరేళ్లయింది కదా నువ్వొచ్చి?"

రెండేళ్ల ఎనిమిది నెలలు. ఆ మాట నేననలేదు.

షీటు తెరిచాను. నూట ఎనభై ఏడు వరుసలు. వరుసకి ఒక మనిషి, ఆ మనిషికున్న ఒక పర్మిషన్. పక్కన శాఖ, ఉద్యోగం, చివరిసారి వాడిన తేదీ, టైము. ఆ తర్వాత ఖాళీ గడి: ఉంచాలి లేక తీసెయ్యాలి. ఒకరికి పేషెంటు పేరు ఎక్కించే పర్మిషన్ ఉంటుంది. ఒకరికి రక్తంలో వచ్చిన అంకెలు ఎక్కించే పర్మిషన్ ఉంటుంది. చాలా కొద్దిమందికి మాత్రం రిలీజ్ ఉంటుంది. రిలీజ్ నొక్కితే రిపోర్టు పేషెంటు చేతికి వెళ్లిపోతుంది. ఇక దాన్ని వెనక్కి తీసుకోలేం.

ముందు నా పేరు వెతికాను. పంతొమ్మిది వరుసలు వచ్చాయి. మా డాక్టరుగారికి కూడా తొమ్మిదే ఉన్నాయి.

తర్వాత దేవకుమారి అని వెతికాను. ఒక్కటీ రాలేదు. రాదని నాకు తెలుసు. తెలిసి కూడా రెండుసార్లు వెతికాను.

దేవకుమారి అక్క మా రేపల్లె శాఖలో పదకొండేళ్లుగా చేస్తోంది. గాజు పలకలు కడగడానికి ఆయాగా చేరింది. అప్పుడున్న పెద్ద టెక్నీషియన్ ఒకాయన, ఆమె కళ్లు చురుకైనవని గమనించి, మైక్రోస్కోపులో చూడ్డం నేర్పాడు. ఆయన పోయాక వచ్చినవాళ్లెవరూ ఆర్నెల్లు మించి నిలబడలేదు. అక్క నిలబడింది. రక్తం తీసేది ఆమె, మిషన్ నడిపేది ఆమె, పలక చూసేది ఆమె, అంకెలు ఎక్కించేది ఆమె. చదువు పదో తరగతి. కాగితం మీద ఇప్పటికీ సహాయకురాలే. సహాయకురాలికి కంప్యూటర్ ఐడీ ఇవ్వరు. "రేపిద్దాం, ఎల్లుండిద్దాం" అంటూనే పదకొండేళ్లు గడిపేశారు.

మరి ఇన్నాళ్లూ ఏ ఐడీతో చేసిందంటే, ఎవరుంటే వాళ్ల ఐడీతో. గత రెండేళ్లుగా నాది.

ఇచ్చింది నేనే. డెంగ్యూ రోజులు. రేపల్లెలో ఉన్న ఒక్క టెక్నీషియనూ మానేశాడు. కంప్యూటర్ మొరాయిస్తుంటే నన్ను పంపారు. వరండా నిండా జ్వరం మనుషులు. నేను కంప్యూటర్ డిగ్రీవాణ్ని, నాకు రక్తం సంగతి తెలియదు. కానీ సాఫ్ట్‌వేర్ పెట్టినవాళ్లు నాకు అక్కడి పర్మిషన్లన్నీ ఇచ్చేసి పోయారు, ఏది చెడిపోయినా బాగుచేస్తానని. ఆ రోజు ఒకాయనకి మిషన్ ఇరవై రెండు వేల ప్లేట్‌లెట్లు చూపించింది. ఇంటివాళ్లు ఏడుస్తూ గుంటూరు ఆటో మాట్లాడుతున్నారు. అక్క పలక చూసి, "కంగారుపడకండి, కణాలు గడ్డలు కట్టినయ్, మిషన్‌కి లెక్క తెలియట్లేదు" అని, ఆ గడ్డలు కట్టనివ్వని మందున్న నీలం మూత ట్యూబులో మళ్లీ రక్తం తీసింది. లక్షా నలభై వేలు వచ్చాయి. గుంటూరు వెళ్లాల్సిన ఆటో నగరం అనే ఊరి దారి పట్టి ఇంటికెళ్లిపోయింది. నేను పక్కనే నిలబడి చూశాను. ఆ సాయంత్రమే, "నా ఐడీతో కొట్టెయ్యండక్కా, తర్వాత నేను చూసుకుంటా" అన్నాను.

తర్వాత చూసుకోలేదు.

కాబట్టి సంగతి నాకు మొదటి గంటలోనే అర్థమైంది. ఈ షీటు సరిగ్గా చేస్తే నా పేరున ఉన్న అదనపు వరుసలన్నీ పోతాయి. వాటితోపాటు రేపల్లెలో అక్క ముందున్న తెర ఆరిపోతుంది. ఆమె మళ్లీ పలకలు కడగడానికి వెళ్లాలి. సరిగ్గా చెయ్యకపోతే నేను అబద్ధమాడినవాణ్నవుతాను.

నా వరుసల్లో ఒకటి ఇలా ఉంది: రేపల్లె, రిలీజ్, చివరిసారి వాడింది బుధవారం ఉదయం పది నలభై. ఆ బుధవారం ఉదయం పది నలభైకి నేను తెనాలిలో, సుబ్బయ్యగారి ప్రింటరులో ఇరుక్కున్న కాగితం లాగుతున్నాను.

ఎక్సెల్ గడి అంటే ఏముంది, దాని మీద నొక్కి ఏది కొడితే అది పడుతుంది. పోయిన సంవత్సరం తేదీ కొట్టాను. చెరిపేశాను. మళ్లీ కొట్టాను. మళ్లీ చెరిపి పాత తేదీ పెట్టాను. లేచి వెళ్లి టీ తాగొచ్చాను. టీ ఎలా ఉందో గుర్తులేదు.

* * *

గురువారం పొద్దున్నే రైలెక్కి బాపట్ల వెళ్లాను. అక్కడ శాఖ పెద్ద శేషారత్నంగారు. హైస్కూల్లో సైన్సు టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ ముందు ఎవరైనా కొంచెం వంగే నిలబడతారు.

నేను మెట్లెక్కుతుంటే రక్తం తీసే హెలెన్ అక్క ఎదురొచ్చి నా సంచి పట్టుకుంది.

"తమ్ముడూ, నిజం చెప్పు. నా పేరు పసుపు రంగులో ఉందంట?"

"ఉందక్కా. మూడు నెలలుగా వాడని పర్మిషన్లకి పసుపు వేశాను. అంతే."

"అంతే అంటాడేంటి! పసుపు రంగువాళ్లందర్నీ ఇంటికి పంపిస్తన్నారంటగా? పొద్దుటినుంచీ ఇక్కడ ఎవ్వరికీ అన్నం సయించలా."

"మనిషిని తియ్యరక్కా. పర్మిషన్ ఒక్కటే తీస్తారు. మీరు వాడని పనే కదా అది."

"వాడినా వాడకపోయినా ఇచ్చింది తీసుకుంటే ఎట్టా ఉంటది? నీకెప్పుడన్నా తీశారా?"

"లేదక్కా."

"తీస్తే చెప్పు అప్పుడు."

శేషారత్నంగారు షీటు చూశారు. మొదటి గడిలో 'ఉంచాలి' అని కొట్టించి, దాని మూల పట్టుకుని కిందికి లాగబోయారు. అలా లాగితే అరవై రెండు గడుల్లోనూ అదే మాట పడుతుంది.

"మేడమ్, ఒక్కొక్కటీ చూడాలండి."

"ఏం చూడాలయ్యా? ఎవర్ని తీసినా ఇంటికొచ్చి కూర్చుంటారు. వాళ్లకి కాఫీలివ్వాల్సింది నేను."

"ఆడిట్ వాళ్లు అడుగుతారండి, ఎలా చూశారని."

ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుని నన్ను కాసేపు చూశారు. "సరే. హాజరు పిలువు."

నేను ఒక్కో పేరూ చదివాను. ఆవిడ ఉంచు, తీసెయ్ అంటూ పోయారు. ఇరవై దాటాక విసుగొస్తుందనుకున్నాను, రాలేదు. హెలెన్ అక్క వరుస దగ్గర, "అంకెలు ఎక్కించడం దానికెందుకూ? రక్తం తియ్యమను చాలు" అన్నారు. కిటికీ అవతల ఎవరో ఊపిరి పీల్చిన చప్పుడు. తర్వాత నా పేరు వచ్చింది. వరసగా ఐదుసార్లు వచ్చింది.

"ఇదేంటయ్యా? నువ్వు తెనాలివాడివి కదా."

"ఇక్కడ ఎవరు సెలవు పెట్టినా నన్ను పంపేవారండి. వచ్చినప్పుడల్లా ఒకటి ఇచ్చారండి."

"పనయ్యాక తిరిగివ్వలేదా?"

"ఎవరూ అడగలేదండి."

"స్కూలు లైబ్రరీ పుస్తకమైతే నీ చెవి మెలేసేదాన్ని. ఐదూ తీసెయ్."

ఐదు గడుల్లోనూ నేనే 'తీసెయ్యాలి' అని కొట్టాను. ఆవిడ అన్నది న్యాయమే. కానీ ఆ ఐదో మాట కొడుతుంటే నా చెవులు వేడెక్కాయి. ఎవరో నలుగురిలో నా చొక్కా విప్పమన్నట్టు అనిపించింది. పిలిచిన ప్రతిసారీ వెళ్లాను. పండగని చూడలేదు, జ్వరమని చూడలేదు. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాణ్ని నేనే. ఎవరైనా పని చెప్తే అది నమ్మకం అనుకున్నాను. ఆ నమ్మకం పెరిగిపోయి షీటులో తప్పుగా కనబడుతుందని నేనెప్పుడూ అనుకోలేదు.

బయటికి వస్తుంటే హెలెన్ అక్క గుమ్మం దగ్గరే ఉంది.

"నీకూ తీశారంటగా?"

"ఐదు."

"ఎట్టా ఉంది?"

నేను చెప్పులు వెతుక్కున్నాను. ఆమె నవ్వి నాకు బస్టాండు దాకా ఆటో పిలిచింది.

* * *

రేపల్లె బస్సు చెరుకుపల్లి మీదుగా పోతుంది. నగరం దగ్గర దిగి మా ఊరు నడిచాను. అమ్మ నాటు నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటోంది.

"చెప్పాపెట్టకుండా వచ్చావేంట్రా? ఉజ్జోగం బానే ఉందా?"

"బాగుందమ్మా."

"పర్మెంటు చేశారా?"

"చేస్తారంట. ఒక లిస్టు పని ఉంది. అది అయితే."

"అయితే అవ్వగొట్టు మరి. పాస్టరమ్మ వారం వారం అడగతంది, మీవాడిది ఖాయమైందా మాణిక్యమ్మా అని. ఇంకెన్నాళ్లు చెప్పను వచ్చే వారం, వచ్చే వారం అని?"

అన్నం తింటూ సగంలో లేచి చెయ్యి కడిగేశాను. కూర బాగాలేదా అని అడిగింది. బాగుందన్నాను. లాప్‌టాప్ తెరిచి రేపల్లె వరుసలు పైకీ కిందికీ జరిపాను. శేషారత్నంగారు తీసేసిన ఐదూ పోగా నా పేరున పద్నాలుగు మిగిలాయి. అందులో రేపల్లెవి ఎనిమిది. అక్కడి శాఖ పెద్ద శేషగిరిరావుగారు మంచాయన, దేన్నీ చదవరు. ఆయన చేతికిస్తే అన్నిటికీ 'ఉంచాలి' అని లాగేస్తారు. నేను నోరు మూసుకుంటే చాలు. అక్క కూర్చున్న చోటే కూర్చుంటుంది. నాదీ ఖాయమవుతుంది. నోరు మూసుకోవడం కూడా ఒక పనే కదా అనుకున్నాను. ఆ పని నాకు చేతనవుతుందో లేదో తేల్చుకోలేక పెరట్లోకీ గుమ్మంలోకీ తిరిగాను. "కాలు కాలిన పిల్లిలా ఏంట్రా ఆ తిరుగుడు" అంది అమ్మ.

* * *

శుక్రవారం తొమ్మిదికి రేపల్లె శాఖ మెట్లు ఎక్కాను. లోపలికి ఇంకా అడుగు పెట్టలేదు. కౌంటర్లో కుర్చీలో కూర్చున్న అతను, రెండు నెలల కింద చేరిన రాజీవ్, లోపలి గదివైపు తిరిగి కేకేశాడు.

"దేవకుమారక్కా, కంప్యూటర్ మళ్లీ బయటికి నెట్టేసింది. మాణిక్యమ్మ తర్వాత ఎన్ని సున్నాలు?"

"మూడు" అని లోపలినుంచి సమాధానం.

మా అమ్మ పేరు, మూడు సున్నాలు. అది నా పాస్‌వర్డ్. వరండాలో కూర్చున్న పదిహేను మందీ విన్నారు. ఒక ముసలాయన, "మాణిక్యమ్మెవరు, డాక్టరమ్మా?" అని పక్కామెని అడిగాడు.

రాజీవ్ నన్ను చూసి, "టోకెన్ తీసుకోండన్నా" అన్నాడు.

"నేను అజయ్ బాబుని. తెనాలి నుంచి."

అతను తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు. తెర మీద మూలన నా పేరు ఉంది.

"అజయ్ బాబంటే మనిషాండీ? నేను సాఫ్ట్‌వేర్ పేరనుకున్నా!"

లోపల దేవకుమారి అక్క మైక్రోస్కోపు మీద వంగి ఉంది. తలెత్తకుండానే, "వందనాలు బాబూ, కూర్చో. ఈ ఒక్కటీ చూసి వస్తా" అంది. నేను కూర్చోలేదు. ఆ చిన్న గదిలో ఫ్రిజ్ నుంచి కిటికీకీ, కిటికీ నుంచి ఫ్రిజ్‌కీ నడిచాను. ఆమె పలక తీసి పక్కన పెట్టి చేతి తొడుగులు విప్పింది.

"ఏంటి, పొయ్యి మీద కూర్చున్నట్టున్నావ్?"

అంతా చెప్పాను. షీటు, ఆడిట్, పంతొమ్మిది వరుసలు, ఆమె పేరు లేకపోవడం. నేను మాట్లాడకపోతే శేషగిరిరావుగారు ఉంచేస్తారని కూడా చెప్పాను. మాట్లాడితే ఏమవుతుందో కిటికీ వైపు తిరిగి చెప్పాను.

ఆమె వెంటనే కోప్పడింది. "నీ ఐడీ నేనేమన్నా అడుక్కున్నానా? నువ్విస్తే తీసుకున్నా. తీసేస్తే తీసెయ్. దానికి ఇంత దూరం వచ్చి ఏడుపు మొహం పెట్టడం దేనికీ?"

"మీ పని పోతుందక్కా."

"నా పనా? ఆ షీట్లో నా పని ఎక్కడుంది, చూపించు."

ఆమె స్టూలు నా వైపు తిప్పుకుని కూర్చుంది.

"రేపు నేనొక తప్పు రిపోర్టు ఇచ్చాననుకో. ఎవరి పేరు మీద పోద్ది?"

"నా పేరు మీద."

"ఆ నీలం మూత ట్యూబాయన రిపోర్టు ఎవరి పేరు మీద పోయింది?"

"నా పేరు మీదే."

"మరింక నేనెక్కడున్నా?" ఆ మాట మెల్లిగానే అంది. "మొన్న మా ఆడపడుచు జ్వరమొచ్చి వస్తే, రిపోర్టు కింద చూసి, ఈ అజయ్ బాబెవరో బాగా చూస్తాడంట వదినా, ఆయన్నే చూడమను అంది. నవ్వొచ్చింది. ఇంటికెళ్లాక రాలా."

కౌంటర్ దగ్గర ఎవరో గట్టిగా దగ్గుతున్నారు. ఆమె అటు ఒకసారి చూసింది.

"నా పేరు రాయి."

"అక్కా, రాస్తే మిమ్మల్ని తీసెయ్యమంటారు."

"తీసెయ్యాలంటే ముందు ఉండాలిగా! రాయి. పూర్తిగా రాయి, ఉన్నమట్ల దేవకుమారి. ఏం చేస్తానో అంతా రాయి. ఎంత చదివానో అదీ రాయి, దాచొద్దు. తర్వాత వాళ్లిష్టం."

"పర్మనెంట్..." అని ఆగిపోయాను. ఎవరిదని ఆమె అడగలేదు. ఆమెకి తెలుసు.

"అది నీ సంగతి బాబూ. నేను రాయమన్నది నా పేరు. నీ పేరు పక్కన ఏం రాసుకుంటావో నీ ఇష్టం" అని కొత్త తొడుగులు వేసుకుని తర్వాతి టోకెన్ పిలిచింది.

నేను ఫ్రిజ్ మీద లాప్‌టాప్ పెట్టుకుని నిలబడే కొట్టాను. అన్నిటికంటే కింద కొత్త వరుస. ఉన్నమట్ల దేవకుమారి, రేపల్లె, సహాయకురాలు, పదకొండేళ్ల సర్వీసు, పదో తరగతి. పర్మిషన్: ఏదీ లేదు. నిజంగా చేసేది: రక్తం తియ్యడం, మిషన్, పలక, అంకెలు, రిలీజ్. రిమార్కు గడిలో ఇలా రాశాను: 'రెండేళ్లుగా ఈమె నా ఐడీతో రిపోర్టులు రిలీజ్ చేశారు. ఐడీ, పాస్‌వర్డ్ ఇచ్చింది నేను. అడగకుండానే ఇచ్చాను. ఇప్పుడు కౌంటర్లో కూడా తెలుసు.' నా ఎనిమిది వరుసల పక్కనా, తెనాలిలో నాకు అక్కర్లేని ఐదింటి పక్కనా 'తీసెయ్యవచ్చు' అని రాశాను. నా వరుసల మీద నేను నిర్ణయించకూడదు, అడగడం వరకే.

శేషగిరిరావుగారు పదకొండుకి వచ్చారు. నాకు ఇడ్లీలు తెప్పించారు. షీటు ముందు కూర్చుని, నేననుకున్నట్టే 'ఉంచాలి' కొట్టి మౌస్ పట్టుకుని లాగారు. ఎంత ధాటిగా లాగారంటే ఆఖరి వరుస దాటి కింద ఖాళీ గడుల్లో కూడా పది చోట్ల పడింది. అక్క వరుసలో కూడా పడింది. ఉంచాలి.

నేను ఆ గడి వైపు చూస్తూ ఉండిపోయాను. సంతకం ఒక్కటే మిగిలింది. ఆయన అప్పటికే పెన్ను మూత తీశారు.

"సార్, ఆఖరి వరుస చదవండి."

"అన్నీ బానే ఉన్నాయిగా."

"ఆ ఒక్కటీ చదవండి సార్. పైన నావి ఎనిమిది కూడా."

చదివారు. పెన్ను మూత పెట్టేశారు. లోపలి గదివైపు చూసి గొంతు తగ్గించారు. "ఇదెందుకు రాశావయ్యా? ఉంచానంటే పదో తరగతి మనిషి చేత రిలీజ్ చేయించానని నా మెడకి పడుద్ది. తీసేశానంటే రేపు పొద్దున్న ఇక్కడ షట్టరు దించెయ్యాలి."

"అవునండి."

"అవునంటావేంటి?"

ఆయన మళ్లీ మౌస్ పట్టుకున్నారు. నా ఎనిమిదీ తీసేశారు. అక్క గడిలో 'ఉంచాలి' చెరిపేసి ఖాళీగా వదిలారు. "నా వల్ల కాదు. తెనాలివాళ్లనే రాసుకోమను" అని, ఆ గడి వదిలి మిగతా అన్నిటికీ సంతకం పెట్టారు.

తెనాలి పాసింజరులో కిటికీ పక్క సీటు దొరికింది. కూర్చోలేక వేమూరు దాకా తలుపు దగ్గరే నిలబడ్డాను. లాప్‌టాప్ సంచిలో ఉంది. ఆ ఒక్క వరుసా తీసెయ్యడానికి రెండు నొక్కులు చాలు. ప్రతి స్టేషన్లోనూ ఆ రెండు నొక్కులూ లెక్కపెట్టుకున్నాను. తెనాలిలో దిగేలోపే షీటు మెయిల్లో పంపేశాను, సుబ్బయ్యగారికీ, డాక్టరు మేఘనగారికీ. ఇద్దరికీ పంపాలని రూలు. సుబ్బయ్యగారొక్కరికే పంపి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. అందుకే రూలు ప్రకారం పంపాను.

* * *

శనివారం నేను వెళ్లేసరికి సుబ్బయ్యగారు నా కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"రేపల్లె ఆయా పేరు షీట్లోకి ఎందుకొచ్చింది?"

"పని చేసేది ఆవిడేనండి."

"నేనడిగింది ఉన్న వరుసలు చూడమని. కొత్తవి కనిపెట్టమన్నానా? నిన్ను పర్మనెంట్ చేద్దామని నేను తంటాలు పడుతుంటే, నువ్వే నీ మీద పితూరీ రాసుకున్నావ్. ఇట్టాంటివాణ్ని నా సర్వీసులో చూళ్లేదు. తీసెయ్ ఆ వరుస."

"డాక్టరుగారికి కూడా వెళ్లిందండి."

ఆయన లేచి నిలబడ్డారు. అంతలో మేఘనగారే మేడ దిగి వచ్చారు. మూడు శాఖల రిపోర్టులకూ ఆవిడే బాధ్యురాలు. వయసులో నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. చేతిలో ఫోన్లో షీటు తెరిచి ఉంది.

"పాస్‌వర్డ్ ఇంకొకరికి ఇచ్చావా?"

"ఇచ్చానండి."

"రెండేళ్లు?"

"అవునండి."

"రేపల్లె నుంచి నీ పేరుతో వచ్చే రిమార్కులు, 'గడ్డలు కట్టాయి, మళ్లీ తీశాను' అని రాసేవి, అవి నువ్వు రాయలేదా? అక్కడ ఈ అజయ్ బాబు మంచి టెక్నీషియన్ అని నేను ఇద్దరు ముగ్గురితో అన్నాను. ఇక్కడ ప్రింటర్లు బాగుచేసే అజయ్ బాబు వేరు అనుకున్నాను."

"ఒకణ్నేనండి. రిమార్కులు ఆవిడవి."

ఆవిడ మొహం ఎర్రబడింది. "ఆవిడ లెక్క తప్పి ఎవరైనా చచ్చిపోయి ఉంటే? నాకు తెలియకుండా, నా ల్యాబులో? నీకు అర్థమవుతోందా నువ్వేం చేశావో?"

"అవుతోందండి." నిజంగానే అయింది. రెండేళ్లలో ఆ ఆలోచన నాకు రాకపోవడం గురించి అప్పుడు సిగ్గేసింది.

"మేడమ్, మంగళవారం ఆడిట్" అన్నారు సుబ్బయ్యగారు. "ఆ వరుస లేకుండా ఇచ్చేద్దాం. తర్వాత మనలో మనం చూసుకుందాం."

"తర్వాతే కదా పదకొండేళ్లనుంచీ" అన్నారు ఆవిడ. నిలబడే ఫోన్లో కొట్టడం మొదలుపెట్టారు. కొట్టి నాకు చూపించారు. అంకెలు ఎక్కించడం: సొంత ఐడీతో ఉంచాలి, నేను స్వయంగా వెళ్లి పరీక్ష పెట్టాక. రిలీజ్: లేదు. రేపల్లెలో ఎవరికీ లేదు. ప్రతి రిపోర్టూ నేను చూశాకే.

"రేపు ఆదివారమైనా వెళ్తున్నాను. పొద్దున్న ఉంటుందా ఆవిడ?"

"పన్నెండు దాకా గుడిలో ప్రార్థనలో ఉంటారండి. తర్వాత వస్తారు."

"పన్నెండుకే వెళ్తాను. నీకు మెమో వస్తుంది. నీ ఖాయం సంగతి ఆ మెమో తేలాకే."

సుబ్బయ్యగారు నా వైపు చూడలేదు. ఆ మధ్యాహ్నమే నా పేరున ఉన్న వరుసలు ఒక్కటి తప్ప అన్నీ పోయాయి. మిగిలింది తెనాలిలో పేషెంటు పేరు ఎక్కించడం. అమ్మకి ఫోన్ చేసి వచ్చే వారం కూడా కాదని చెప్పాను. "తిన్నావా?" అంది.

* * *

సోమవారం పదింటికి రేపల్లె నుంచి ఫోన్. అక్క.

"బాబూ, ఎంతసేపు? అంకెలు ఎక్కించి నలభై నిమిషాలైంది. డాక్టరమ్మ చూస్తేగానీ రాదంట. ఇక్కడ జనం రాజీవ్ మీద పడిపోతన్నారు. ఒకాయన పదిన్నర బస్సుకి పోవాలంట. ఇదివరకు పది నిమిషాల్లో ఇచ్చేవాళ్లుగా అంటన్నాడు. ఏం చెప్పను?"

అలవాటుగా చెయ్యి కీబోర్డు మీదికి పోయింది. నా తెర మీద ఇప్పుడు రేపల్లె లేదు. బాపట్లా లేదు. ఒకప్పుడు ఇక్కడ కూర్చుని మూడు ఊళ్లూ తెరిచేవాణ్ని.

"ఉండండక్కా" అని ఫోన్ చెవికి పెట్టుకునే మేడమెట్లు ఎక్కాను. మేఘనగారి గది తలుపు మూసి ఉంది. తట్టాలా వద్దా అని రెండడుగులు అటు వేశాను, రెండు ఇటు. తట్టాను.

"రేపల్లేగా? చూస్తున్నాను" అని లోపలినుంచి వినబడింది. "ఆవిడ పలక ఫొటో పంపింది. అదే చూస్తున్నాను. నిన్న పరీక్షలో కూడా ఇంతే, నేను ఒకటి అడిగితే తను రెండు చెప్పింది. ఒక్క నిమిషం ఆగమను."

"ఒక్క నిమిషమంట" అన్నాను ఫోన్లో.

"ఆ నిమిషం ఇక్కడికొచ్చి నువ్వు చెప్పు వాళ్లకి" అంది అక్క. వెనకాల గొడవ వినబడుతోంది. ఎవరో బల్ల మీద చేత్తో కొడుతున్నారు. ఇద్దరం ఫోన్ పెట్టెయ్యలేదు. తర్వాత అక్కడ ప్రింటరు కదిలిన చప్పుడు.

"వచ్చింది" అంది.

కాగితం లాగిన చప్పుడు కూడా వినిపించింది. ఆ తర్వాత ఏమీ లేదు. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను.

"అక్కా?"

"ఆఁ ఉన్నా. చదువుతున్నా" అంది. మరుక్షణమే గొంతు మార్చి, "ఏవండీ బస్సాయనా, ఇదిగో తీసుకోండి, ప్లేట్‌లెట్లు బానే ఉన్నయ్. కింద పరీక్ష చేసినవారని ఉన్న పేరు నాదే, ఏదన్నా డౌటుంటే నన్నే అడగండి, ఎటూ పోను" అని కేకేసింది. "ఉండు బాబూ, ఇంకా పన్నెండు మంది ఉన్నారు" అని పెట్టేసింది.

నేను మేడ మీదే నిలబడ్డాను. తర్వాతి రిపోర్టు కోసం మళ్లీ తలుపు తట్టాలి.